బతికున్న కుక్కకు పటం

నేను కుక్కల బొమ్మలు గీస్తాను. పిల్లులవీ గీస్తాను. పరకాల నుంచి ఒకాయన అడిగితే ఒకసారి కోడిపుంజు బొమ్మ కూడా గీశాను, నేను రంగులు వేసేలోపే అది కూరైపోయిందని తర్వాత తెలిసింది. జనం తమవాళ్లకు పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో, కొత్తింట్లో పాలు పొంగించే రోజుకో గిఫ్టుగా ఇవ్వడానికి నా దగ్గర గీయించుకుంటారు. "చేత్తోటి గీసిందే గావాలె మేడమ్, కంప్యూటర్‌ది వద్దు" అంటారు. మంచిదే. నా పొట్ట వాళ్ల దయతోనే నిండుతోంది కాబట్టి కస్టమర్లను తిట్టకూడదు. కానీ తిట్టకుండా నావల్ల కాదు.

ఫోటో పంపమంటే తోక పంపుతారు. మొహమేదని అడిగితే "మీరే ఊహించుకోన్రి మేడమ్, మస్తు క్యూట్‌గుంటడు" అంటారు. ఒకామె ఫోన్ చేసి "మావోడు ఫోటోల జర నల్లగ పడ్డడు, మీరు కొంచెం ఫెయిర్‌గ గీయిన్రి" అంది. అది నల్లకుక్క. పుట్టుకతోనే నల్లది, దాని తల్లి నలుపు, తండ్రి ఎవరో తెలియదు గానీ ఆయనా నలుపే అయ్యుంటాడు. పెళ్లికూతుళ్లకు తప్పని తెల్లబడే తిప్పలు ఇప్పుడు కుక్కలకూ వచ్చిపడ్డాయి. ఇంకొందరు నవ్వుతున్నట్టు గీయమంటారు. నవ్వితే పళ్లు కనబడాలి కదా. పళ్లు గీస్తే "కరిచేటట్టున్నది మేడమ్" అంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంతమంది నా నెత్తికెక్కి ఆడినా, బొమ్మ గీసినందుకు నాకు శాపనార్థాలు పెట్టింది మాత్రం ఒక్కరే. మా మేనత్త.

ఆమె మా నాన్నకు అక్క. కాశిబుగ్గలో ఉండేది. మా అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు పోయేవాళ్లు కాబట్టి నేను పెరిగిందంతా అత్త ఇంట్లో మగ్గం పక్కనే. మామ నేసేవాడు, అత్త నూలు చుట్టి ఇచ్చేది, నేను మామ డిజైన్ కాగితాల వెనక కోళ్లనూ పిల్లులనూ గీసి ఇద్దరితో తన్నులు తినేదాన్ని. మామ పోయాక మగ్గం ఆగిపోయింది. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకోవడానికి మగ్గం కింద ఒక గుంత ఉంటుంది. అది ఖాళీగా పడి ఉండటం చూసి, వాడలో తిరిగే ఒక ఆడకుక్క అందులో కాపురం పెట్టింది. గోధుమరంగుది. ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంటుంది, ఇంకోటి వాలిపోయి ఉంటుంది. అత్త మొదట చీపురు తిరగేసింది. తర్వాత చద్దన్నం పెట్టింది. ఆ తర్వాత దానికి పెట్టకుండా తను తినడం మానేసింది.

దానికి పేరు పెట్టలేదు. "ఏమే" అని పిలిచేది. మామ బతికున్నన్నాళ్లూ అత్తను అలాగే పిలిచేవాడు. ఆయన పోయాక ఆ పిలుపు ఇంట్లో ఊరికే పడి ఉంది, అత్త దాన్ని కుక్కకు ఇచ్చేసింది. పొద్దుగూకే వేళ గుమ్మంలో నిలబడి "ఏమే, యాడ సచ్చినవే" అని అరిచిందంటే కుక్క కంటే ముందు చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు తొంగి చూసేవాళ్లు.

అత్త ఎప్పుడు పుట్టిందో ఆమెకే తెలియదు. ఆధార్ కార్డువాళ్లు జనవరి ఒకటి అని రాసిపడేశారు. ఆ వాడలో ముసలివాళ్లందరూ జనవరి ఒకటినే పుట్టారు, ఆ రోజు మంత్రసానికి ఊపిరి సలిపి ఉండదు. కార్డు మీద అత్త ఫోటో కూడా చూడముచ్చటగా ఉండేది. "దొంగను పట్టుకున్నంక తీసినట్టున్నది" అని ఆమే అనేది.

సరే, కార్డు ప్రకారమైనా పుట్టినరోజు పుట్టినరోజే కదా అని, ఊరందరి కుక్కలనూ గీసే నేను అత్త కుక్కను గీయకపోతే ఎలా అని, ఆ జనవరి ఒకటికి దాని బొమ్మ గీసి తీసుకుపోయాను. పెన్సిల్‌తో గీసి వాటర్ కలర్లు వేశాను. ఆ వాలిన చెవి కుదరడానికి నా ప్రాణాలు పోయాయి. అద్దం పెట్టించి, మంచి నల్ల ఫ్రేము కట్టించి, రంగు కాగితం చుట్టి అత్త చేతిలో పెట్టాను.

అత్త కాగితం విప్పింది. ముందు ఆమె మొహం వెలిగింది, నేను కళ్లారా చూశాను, అబద్ధం కాదు. తర్వాత ఫ్రేము తడిమింది. అద్దం తడిమింది. మెల్లగా తల తిప్పి గోడ వైపు చూసింది. గోడ మీద వరసగా అత్త వాళ్ల మామగారు, అత్తగారు, చివరన మా మామ. ముగ్గురూ నల్ల ఫ్రేముల్లో, అద్దాల వెనక, ప్లాస్టిక్ దండలతో ఉన్నారు.

"ఓసి నీ నోట్ల మన్నువడ! బతికున్నదానికి పటం గట్టిస్తవానే?"

"అత్తా, గిఫ్టు అది. పుట్టినరోజని..."

"నీ గిఫ్టు పాడుగాను! గోడకెక్కుడంటే ఏందో ఎరుకలేదా నీకు? గింత సదివినవ్, గింతన్న తెల్వి లేకపాయె! ఏమే, ఇటు రావే!"

కుక్క గుంతలోంచి ఒళ్లు విరుచుకుంటూ వచ్చింది. అత్త దాని ముక్కు, పొట్ట, కాళ్లు తడిమి చూసుకుంది. అంతా సలక్షణంగానే ఉంది. అయినా ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా ఇళ్లలో ఒక లెక్క ఉంది. ఒక్కరి ఫోటోను పెద్దది చేయించి, అద్దం పెట్టించి, గోడకు తగిలించారంటే ఆ మనిషి లేనట్టే. "ఆయన పటమైండు" అంటే ఇక అడగాల్సిందేమీ లేదు. పెళ్లి ఫోటో ఉండొచ్చు, పిల్లాజెల్లాతో దిగిన గ్రూపు ఫోటో ఉండొచ్చు, బతికున్నవాళ్లను ఒంటరిగా మాత్రం గోడకెక్కించకూడదు. హనుమకొండ అపార్ట్‌మెంట్లలో సోఫాల మీద కుక్కల పటాలు దర్జాగా వేలాడుతుంటే చూసీ చూసీ, ఆ లెక్క నా బుర్రలోంచి జారిపోయింది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి సిస్టరమ్మ వచ్చింది. ఆమె దవాఖానలో నర్సు కాబట్టి వాడంతా సిస్టరమ్మ అనే పిలుస్తారు. చర్చిలో కొత్త సంవత్సరం ప్రార్థన అయిపోయాక మా కోసం ప్లేటులో కేకు పట్టుకొచ్చింది. వచ్చేసరికి గోడకు ఆనించి కుక్క పటం, దాని ముందు కూర్చుని ముక్కు చీదుతున్న అత్త. అత్త వెనక పడుకున్న అసలు కుక్క ఆమెకు కనబడలేదు.

"అయ్యో దేవా! ఎప్పుడు వొయింది అక్కా? పొద్దుగాల మా గేటు కాడ బొక్క కొరుక్కుంట ఉండె గదా!"

మేము నోరు తెరిచేలోపే ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన ఎత్తుకుంది. ఈ మూగజీవిని నీ సన్నిధిలో చేర్చుకో తండ్రీ అని ఆమె వేడుకుంటుండగా, ఆ మూగజీవి లేచి వచ్చి ప్లేటులో మూతి పెట్టింది. ఆమేన్ అనేసరికి కేకు లేదు. సిస్టరమ్మ కళ్లు తెరిచి, పోయిన కుక్క తన చేతులు నాకుతుండటం చూసి కెవ్వున అరిచింది.

నేను నవ్వాను. పొట్ట పట్టుకుని నవ్వాను. అదే నా కొంప ముంచింది.

మర్నాడు కుక్క వాంతులు చేసుకుంది. అన్నం ముట్టలేదు. అత్త నాకు ఫోన్ చేసి "సంబురమేనా? నీ పటం పనిజేస్తాంది" అని పెట్టేసింది. నేను ఆటో మాట్లాడుకుని పరుగున పోయి, అత్తనూ కుక్కనూ ఎక్కించుకుని పశువుల దవాఖానకు తీసుకుపోయాను. దారంతా అత్త చంకలో ఏదో సంచీ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఏం తినిపించిండ్రమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"ఏం తినిపియ్యలె సారూ. ఫోటో దీసిండ్రు."

"ఎక్స్‌రేనా? ఎక్కడ తీసిండ్రు? ఏదీ చూపియ్యి."

అత్త సంచీలోంచి పటం తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు పటాన్ని చూశాడు, కుక్కను చూశాడు, నన్ను చూశాడు. "చెవి మంచిగొచ్చింది" అన్నాడు. అంత పరేషాన్‌లోనూ నాకు లోలోపల ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కుక్కను చూసి అంతకుముందు ఏం తిన్నదో నన్ను విడిగా అడిగాడు. కేకు సంగతి చెప్పాను. అందులో కిస్‌మిస్‌లు ఉండి ఉంటాయని, అవి కుక్కలకు పడవని, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుందని చెప్పి సెలైన్ ఎక్కించాడు. రెండు రోజులైతే గానీ ఏమీ చెప్పలేనన్నాడు.

"కిస్‌మిస్ తింటె సస్తరా ఎవలన్న? సారుకు తెల్వది, పాపం సదువుకున్నోడు" అంది అత్త.

దవాఖాన అరుగు మీద కుక్క తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా వైపు చూడకుండానే మాట్లాడింది. "ఇది వోతే ఇంట్ల నాతోటి ఎవలున్నరే? మీ బావ పండుగకొకసారి వస్తడు, కూసున్నంతసేపు ఫోన్ జూస్తడు. నువ్వేమో పటాలు వట్టుకొని వస్తవు." బావ అంటే అత్తకు ఒక్కగానొక్క కొడుకు, హనుమకొండలో సెల్‌ఫోన్ల దుకాణం.

"ఆ పటం చింపెయ్" అంది.

"చింప. ఆ చెవికి నా కండ్లు వోయినయ్."

"చింపుతవా లేదా?"

"చింప అంటే చింప."

మొండితనం మా నాన్న వైపు నుంచి వచ్చింది, ఇద్దరికీ సమానంగా పంచారు. అంతలో అత్తకు దారి దొరికింది.

"ఒక్కదాన్నే గీసినవ్ గద, అందుకే గిట్లయింది. జంట ఫోటోకు ఏం గాదు. నన్ను దాని పక్కకు గీయి. నేను బతికే ఉన్న గద, నా పక్కన ఉంటె దానికి సుత ఏం గాదు."

ఆ వాదానికి ఏ కోర్టులోనూ ఎదురు లేదు. సరేనన్నాను. రెండు రోజులకు కుక్క లేచి గంజి తాగింది. "చూసినవా?" అని అత్త ఫోన్ చేసింది. నేనింకా పెన్సిలే పట్టలేదు అత్తా అంటే, "గీస్తనన్నవ్ గద, దానికి తెలుస్తది" అంది.

బొమ్మకు కూర్చోవడానికి అత్త మామ నేసిన నూలుచీర కట్టుకుంది. మొహానికి పౌడర్ అద్దుకుంది. మంచం మీద సర్దుకుని కూర్చుని, గొంతు తగ్గించి "జర తెల్లగ గీయవే" అంది. నేను పెన్సిల్ కింద పడేశాను.

"నువ్వు సుతనా అత్తా?"

"కుక్కలనే తెల్లగ గీస్తవట. నేనేం పాపం జేసిన?"

పాత పటం అద్దం విప్పి, ఆ కాగితం మీదే మొదలుపెట్టాను. కుక్క దాని మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది, పక్కన ఉన్న ఖాళీలో అత్త పట్టదు. అందుకని ఆమెను కుక్కకు కొంచెం వెనకగా గీశాను. ఆమె ఒక భుజం కుక్క చాటుకు పోయింది. ఒక చెయ్యి దాని మెడ చుట్టూ వచ్చి బొచ్చులో కలిసిపోయింది. అంతా అయ్యాక చూస్తే, అత్త కుక్కను పెంచుకున్నట్టు లేదు, కుక్కే అత్తను పెంచుకున్నట్టుంది. అత్తకు అదే నచ్చింది. పటాన్ని పెద్దవాళ్ల గోడకు కాకుండా మగ్గం పైన కొట్టించింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

"మీ మామతోటి ఒక్క ఫోటో దిగలేదే నేను. మా పెండ్లికి ఫోటోలాయన రానే రాలె. చూడు, ఆయన ఒక్కడే గోడ మీద ఎట్ల బిక్కుబిక్కుమంట చూస్తాండో. నాకు గట్ల ఒక్కదాన్ని ఉండబుద్ధి గాదు. నేను వోయినంక ఇదే పెట్టున్రి. పటం కోసి దీన్ని తీసేసిన్రో, దయ్యమై వచ్చి మీ ఇండ్లళ్ల తిరుగుత."

"నేను చూసుకుంటలే" అన్నాను. పెద్ద మాట ఇస్తున్నట్టేమీ అనలేదు. దయ్యాలకు నేను భయపడను, అత్తకు మాత్రం భయపడతాను.

వానాకాలంలో అత్త పోయింది. నల్లా నీళ్లు పట్టుకుంటూ కూలబడిపోయింది, దవాఖానకు తీసుకుపోయే పని కూడా ఎవరికీ పెట్టలేదు. కుక్క అరుపులు విని సిస్టరమ్మే ముందు వచ్చి చూసింది. నేను చేరేసరికి బావ అత్త ఆధార్ కార్డు పట్టుకుని ఫోటో స్టూడియోకు పోయి రావడం కూడా అయిపోయింది. స్టూడియోవాళ్లు కార్డు మీది మొహాన్ని పెద్దది చేసి, పుణ్యం కట్టుకుందామని కాబోలు, దాని కింద పట్టుచీర, మెడలో నెక్లెసు, వెనక నీలం మబ్బులు అతికించారు. మెడ నుంచి కిందంతా వేరే ఆడమనిషి. ఆ నగల మీదినుంచి అత్త మొహం, ఇవి నావి కావు సారూ అన్నట్టు చూస్తోంది.

"బావా, గీమె ఎవలు?"

"అవ్వ." బావ తల్లిని అలాగే పిలిచేవాడు.

"అవ్వకు నెక్లెసెక్కడిది?"

"ఊకో పిల్లా, మంది వస్తాండ్రు. కుక్కతోటి ఉన్న పటం పెడ్తే నవ్వరా? నాకు ఇజ్జత్ లేదా?"

"నవ్వనీ! నీ ఇజ్జత్ కోసం అత్త ఎవల్నో మెడ మీద మోసుకుంట తిరగాల్నా? ఇదే పెట్టాలన్నది నాతోటి, కొయ్యద్దన్నది."

బావ గొంతు తగ్గించాడు. "గీసింది నువ్వే గద. కుక్కను తుడిచెయ్. అవ్వ ఒక్కదాన్ని ఉంచు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మగ్గం మీదినుంచి పటం దించి అతని ఒళ్లో పడేశాను. "చూడు. కుక్కను తుడిస్తే మీ అవ్వకు ఈ భుజం ఉండది. ఈ చెయ్యి ఏడికి వోతది? చెప్పు, ఏడికి వోతది?" బావ ఆ చేతి మీదే చూపు నిలిపి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత పటాన్ని మగ్గానికి ఆనించి బయటికి పోయాడు. దీపం ముందు నెక్లెసు ఆమే మిగిలింది. దండ ఆమెకే వేశారు. నేను ఏడుద్దామని ఆమె ముందు కూర్చున్నాను గానీ, ముక్కూ మొహం తెలియని మనిషిని చూసి ఏడుపు ఎట్లా వస్తుంది? కుక్క గుంతలోంచి బయటికి రాలేదు. ఎవరు పెట్టినా అన్నం ముట్టలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టడం మా దగ్గర రివాజు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెడతారు. కాకి వచ్చి ముడితే వాళ్లు తృప్తిగా పోయినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అత్తకు ఇష్టమైన చేపల పులుసు, సర్వపిండి చేసి డాబా మీద పెట్టారు. కాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చుని చూశాయి తప్ప ఒక్కటీ దిగలేదు. చుట్టాలు ఒక్కొక్కరే చేతులు జోడించి కాకులను బతిమాలడం మొదలుపెట్టారు. ఇల్లు అమ్మబోమని ఒకరు, మనవడిని మంచిగా చదివిస్తామని ఒకరు మాటిచ్చారు. ఒకామె "నీ ఇత్తడి బిందె నేనేం తీస్కపోనులే వదినా" అంది. కాకులు కదల్లేదు.

కోరికేమిటో నాకు తెలుసు. బావకూ తెలుసు. నేను అతని వైపు చూశాను, అతను మొహం తిప్పుకున్నాడు.

అప్పుడు మెట్ల మీద గోళ్ల చప్పుడైంది. కుక్క పైకొచ్చింది. ఎవరి మొహం చూడకుండా తిన్నగా విస్తరి దగ్గరికి పోయి, వాసన చూసి, తినసాగింది. డాబా అంతా గగ్గోలెత్తింది. "అరే, కుక్క ముట్టింది! కొట్టున్రి దాన్ని!" అని ఒకాయన కర్ర ఎత్తాడు.

బావ ఆ కర్ర పట్టుకున్నాడు. "ఆగున్రి. తిననియ్యిన్రి. మా అవ్వ దానికి పెట్టకుంట ఎన్నడన్న తిన్నదా?"

అంత ఇజ్జత్ గల మనిషి అందరి ముందూ గొంతుకూర్చుని, "అవ్వా, కొయ్యనే. నీ పటం కొయ్యనే" అని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. మూడు రోజులుగా రాని ఏడుపు నాకూ అప్పుడే వచ్చింది. కుక్క మాత్రం విస్తరి చివరి దాకా నాకి, చేపముల్లు పక్కన పెట్టింది.

కిందికి దిగాక బావ నెక్లెసు ఆమెను తీసి బీరువా వెనక పెట్టేశాడు. నా పటాన్ని తెచ్చి, గోడ మీద మామ పక్కన తగిలించాడు. దండ చేతిలోకి తీసుకుని అక్కడే ఆగిపోయాడు. ఫ్రేముకు దండ వేస్తే ఇద్దరికీ పడుతుంది. కాసేపు ఆలోచించి, దండను రెండుగా మడిచి, ఇంకో చిన్న మేకు కొట్టి, అత్త ఉన్న పక్కకు మాత్రమే వేలాడదీశాడు.

సాయంత్రం సిస్టరమ్మ వచ్చింది. ఈసారి కేకు తేలేదు. పటం ముందు నిలబడి ప్రార్థన చేసి, కళ్లు తుడుచుకుని, దండ వైపు చూసింది.

"దండ ఒక దిక్కే జారింది బిడ్డా. జర సరిజేయరాదు?"

"జారలె సిస్టరమ్మా" అన్నాడు బావ. "దండ లేని దిక్కున్నది ఇంక బతికే ఉన్నది."

అని మగ్గం గుంత వైపు తిరిగి, అవ్వ గొంతుతోనే "ఏమే, మనింటికి పోదాం దా" అన్నాడు. వంటింట్లోంచి అతని పెళ్లాం, గుంతలోంచి కుక్క, ఇద్దరూ ఒకేసారి లేచి వచ్చారు.